పందొమ్మిదేళ్ళ పసివాడు

ఏడో ప్రకరణం

స్థిరావతి నగరంలో ఏదీ పెరగదు. పెరగకూడదని రాజశాసనం.

చూడటానికి మాత్రం ఆ నగరం మహాద్భుతం. మరకత తోరణాలు కట్టిన నాలుగు కోటవాకిళ్ళు, చంద్రకాంత శిలలు పరిచిన రాజవీథి, అడుగడుగునా పన్నీటి పందిళ్ళు, మేడల మీద మేడలు, వాటి మీద సూర్యుడికే కళ్ళు చెదిరే బంగారు కలశాలు. వీథికి ఇరుపక్కలా మామిడి మొక్కలు. మొక్కలే. పద్నాలుగేళ్ళ నుంచీ మొక్కలే. ప్రతి పౌర్ణమికీ భటులు వచ్చి వాటి తలలు మోకాటి ఎత్తుకు నరికి పోతారు. కోడిపిల్లలు అమ్మేవాళ్ళు తూర్పు వీథిలో ఉంటారు. కోళ్ళు అమ్మేవాళ్ళు పడమటి వీథిలో ఉంటారు. ఈ వీథి సరుకు ఆ వీథికి ఎలా చేరిందని అడిగినవాడికి పన్నెండు కొరడా దెబ్బలు. అందుకని ఎవరూ అడగరు. అడగనివాళ్ళను అక్కడ పండితులంటారు.

ఆ సాయంకాలం తూర్పు కోటవాకిట ఒక మనిషి ఆగాడు. తెల్లటి పెట్టుడు గడ్డం, కావిరంగు తలపాగా, భుజాన తంబురా, చంకలో వెదురు బుట్ట. పేరు తిప్పన్న. పడమటి కొండల అవతల మల్బరీ తోటల్లో పట్టుపురుగులు పెంచేవాడు. మూడేళ్ళ కిందట అతని భార్య ఈరమ్మ ఏడో నెల కడుపుతో పట్టు అప్పగించడానికి ఈ నగరానికి వచ్చింది. వచ్చేటప్పుడు వాకిట నడుము కొలిచారు. మూడో రోజు పోయేటప్పుడు మళ్ళీ కొలిచారు. అర అంగుళం ఎక్కువ వచ్చింది. నగరంలో ఉండి పెరిగినందుకు రాజమాంత్రికుడు నిశ్చలాక్షుడు ఆమె మీద భస్మం చల్లి రాయిని చేశాడు. శిల్పం బాగుందని రాజుగారు ఉద్యానవనంలో పెట్టించారు.

కొండగుహలో ఉండే గుడ్డి సిద్ధురాలు తిప్పన్నకు విరుగుడు చెప్పింది. స్థిరావతి సభామండపంలో దూలానికి ఒక కంచుగంట వేలాడుతూ ఉంటుంది. వంశానికి మూలపురుషుడు కట్టిన గంట. యువరాజు నేల మీద నిలబడి తలతో ఆ గంటను మోగించిన రోజున రాజు నారచీర కట్టి అడవికి పోవాలి. గంటను ఎవరూ జరపకూడదు, ముట్టకూడదు. ఆ రాజు ఏలుబడి ముగిస్తే ఆ రాజు పేరు మీద వేసిన మంత్రాలన్నీ ముగుస్తాయి. రాయి మనిషవుతుంది.

అసలు ఇదంతా ఆ గంట వల్లనే వచ్చింది. స్థిరకీర్తి మహారాజుకు గంటను జరిపే హక్కు లేదు. కొడుకును పెరగకుండా ఆపవచ్చు కదా అనుకున్నాడు. కొడుకు ఒక్కడే పెరగకపోతే జనం అనుమానిస్తారు. అందుకని లోకాన్నే ఆపాడు.

వాకిట కొలగాడు కొలబద్ద ఊపాడు. "ఎవురు నువ్వు?"

"జోలపాటల ఆచారిని దొరా. యువరాజుగారిని నిద్రపుచ్చటానికి పిలిపించారు."

"పాత ఆచారి ఏమయినాడో ఎరుకేనా?"

"తోటలో నిలబడినాడని విన్నాను."

"'ఎంత ఎదిగినారు ప్రభూ' అన్నాడు. ఒక్క మాట జారినాడు, రాయైనాడు. నీ నోరు ఎట్లాంటిది?"

"జోల పాడే నోరు. నేను పాడేకొద్దీ విన్నవాళ్ళు నిద్రపోతారు. మీ ఊరికి పనికొస్తుంది."

కొలగాడు గోళ్ళు కొలిచాడు. గడ్డం కొలిచాడు. పెట్టుడు గడ్డం కాబట్టి అది శాసనం ప్రకారమే నడుచుకుంటోంది. తరువాత బుట్ట మూత తీశాడు. పత్తి మీద ఏడు పట్టుగూళ్ళు, వేరుశనక్కాయంత లావున, తెల్లగా.

"ఇవేంది? కాయలా? కాయలు పెరుగుతాయి. నిషేధం."

తిప్పన్న బుట్టలో చెయ్యి పెట్టాడు. ఒక గూడు తీసి కొలగాడి చెవి దగ్గర ఆడించాడు. లోపల కటకటమని చప్పుడైంది.

"గిలక్కాయలు దొరా. బాబుగారు ఆడుకోవడానికి."

కొలగాడు తీసుకొని ఆడించాడు. మళ్ళీ ఆడించాడు. మీసాల మనిషి ముఖం చంటిపిల్లాడి ముఖమైంది. "బలే ఉందే! ఒకటి నేను ఉంచుకుంటా" అని రొండిన దోపుకున్నాడు. ఆరు గూళ్ళతో తిప్పన్న నగరంలో అడుగుపెట్టాడు.

అంతఃపురంలో బంగారు ఉయ్యాల ఉంది. దాని గొలుసులు ఇనుపవి. బంగారు గొలుసులు రెండుసార్లు తెగాయి. ఉయ్యాలలో యువరాజు శిశుసింహుడు పడుకొని ఉన్నాడు. వయసు శాసనం ప్రకారం అయిదు, దేవుడి ప్రకారం పందొమ్మిది. తలకు నెమలి కుట్టిన పాలటోపీ, మెడలో చొంగగుడ్డ. రెండు కాళ్ళూ ఉయ్యాల దాటి మూరెడు బయటికి వేలాడుతున్నాయి. రోజూ పొద్దున్నే మంగలి వచ్చి మీసం గీస్తాడు. ఆ పనికి అంతఃపురంలో పేరు 'పాలమరక తుడవడం'.

బంగారి అనే ముసలి దాది ఉయ్యాల ఊపుతోంది. "నా బుజ్జికొండ, జోల పాడే తాత వచ్చినాడు చూడమ్మా."

"ఆయా, ఆకలి" అన్నాడు యువరాజు. ఆ గొంతుకు దీపం రెపరెపలాడింది.

"సన్నగా నాయనా, సన్నగా అనాల. కీచుగా అను నా తండ్రీ, నీ కాళ్ళు మొక్కుతా" అని దాది చెంపలు వేసుకుంది. వేసుకొని, పాలు తెస్తానని చెంబుతో కాక బిందెతో పోయింది.

ఆమె గడప దాటగానే యువరాజు తిప్పన్న చెయ్యి పట్టుకున్నాడు.

"తాతా, ఎవరికీ చెప్పకు. నాకు రోగం వచ్చింది."

"ఏం రోగం బాబూ?"

"గొంతు పగిలింది. ముఖాన ముళ్ళు మొలుస్తున్నాయి. కాళ్ళు రోజుకింత బయటికి పోతున్నాయి. నేను ముడుచుకొనే పడుకుంటున్నా. అవి నా మాట వినవు. రేపు సూర్యోదయానికి సభలో నిశ్చలాక్షుడు మందు వేస్తాడట. ఇంక కదలనట. కదలకపోతే పెరగనట."

ఆ మందు ఏమిటో తిప్పన్నకు తెలుసు. యువరాజు రాయైతే గంట ఎన్నటికీ మోగదు. ఈరమ్మ ఎన్నటికీ తిరిగిరాదు. ఉన్నది ఒక్క పూట.

"లేచి నిలబడు బాబూ. అది రోగమో కాదో నీకే తెలుస్తుంది."

"అమ్మో! నిలబడితే ఎముకలు పొడవుతాయి. నాన్నగారు చెప్పారు. నేను అంబాడతానంతే."

పద్నాలుగేళ్ళు అబద్ధం తాగి బతికినవాడికి నిజం ఒక్క గుక్కలో పడదు. తిప్పన్న తంబురా పక్కన పెట్టాడు. బుట్ట తీశాడు.

"ఒక కథ చెపుతా విను. ఒక గుడ్డు ఉంది. గసగసాల గింజంత. దాంట్లోంచి ఒక పురుగు వచ్చింది. ఎంతుంది? చీమకు తమ్ముడంత. నల్లగా వెంట్రుక ముక్కలాగా ఉంది. దానికి లేత ఆకు పెట్టారు. తింది. మళ్ళీ పెట్టారు. తింది. అయిదు రోజులకు దాని తోలు దానికి ఇరుకైంది."

"అయ్యో. దానికీ రోగమేనా?"

"మా ఊళ్ళో జ్వరం అనే అంటారు. పురుగు మేత మానేస్తుంది. తల పైకెత్తి ఒక రోజు ఊరుకుంటుంది. కొత్తగా పెంచేవాడు చూసి చచ్చిందని ఏడుస్తాడు. మర్నాటికి పాత తోలు వెనక పడి ఉంటుంది, పురుగు ముందుకు పోయి ఆకు అడుగుతూ ఉంటుంది. అట్లా నాలుగు జ్వరాలు. నెల తిరిగేసరికి నీ వేలంత."

"దాన్ని శిక్షించరా?"

"చొక్కా బిగుతైతే కుట్టినవాణ్ణి తిట్టాలా, తొడుక్కున్నవాణ్ణా?"

యువరాజు తన చొంగగుడ్డ కేసి చూసుకున్నాడు. మెడకు దాని ముడి బిగిసి ఎర్రగా గాటు పడి ఉంది.

"తరువాత?"

"తరువాత ఇక ఆకు వద్దంటుంది. మూడు రోజులు తల తిప్పుతూ తన చుట్టూ తానే దారంతో ఇల్లు కట్టుకుంటుంది. ఇదిగో ఆ ఇల్లు." తిప్పన్న ఒక గూడు అతని అరచేతిలో పెట్టాడు. "వాకిలి లేదు, కిటికీ లేదు. దాదాపు పన్నెండు రోజులు."

"లోపల ఏం చేస్తుంది?"

"మారుతుంది."

"నొప్పిగా ఉంటుందా?"

"తెలియదు బాబూ. కానీ బయటికి వచ్చింది ఏదీ మళ్ళీ లోపలికి పోతానన్నది నేను చూడలేదు. కుక్కపిల్ల కుక్కవుతుంది, గింజ చెట్టవుతుంది, చంటివాడు మనిషవుతాడు. ఎవరూ పూనుకొని చెయ్యరు. ఆపాలంటేనే పూనుకోవాలి. ఆపాలంటేనే భటులు కావాలి, మాంత్రికుడు కావాలి."

యువరాజు గూడును చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఎప్పుడొస్తుంది?"

"ఇది పదకొండో రోజు. రేపు తెల్లవారగానే. పిడికిట్లో దాచుకో. నలపవద్దు."

దాది బిందె చప్పుడైంది. తిప్పన్న తంబురా అందుకున్నాడు. గూడు యువరాజు పిడికిట్లోకి, పిడికిలి చొంగగుడ్డ కిందికి పోయాయి.

తెల్లవారింది. సభ నిండింది. నూటెనిమిది స్తంభాలు, ప్రతి స్తంభానికీ ముత్యాల జాలరు, మధ్యన నవరత్న సింహాసనం, దాని ముందు మనిషి నుదుటి ఎత్తున వేలాడే కంచుగంట. మంత్రులు, సామంతులు, దండనాయకులు పట్టు కట్టుకొని, పట్టు కప్పుకొని, పట్టు మీద కూర్చొని ఉన్నారు. ఆస్థానకవి యువరాజుగారి పాలపన్ను మీద పద్నాలుగో శతకం ఎత్తుకున్నాడు. పాలపన్ను ఊడి పన్నెండేళ్ళైంది. శతకాలు ఊడలేదు.

యువరాజు అంబాడుతూ గంట కిందికి వచ్చాడు. భుజాలు వెడల్పు, మోకాళ్ళు కాయలు కాచి ఉన్నాయి. సభ అంతా "ఎంత ముద్దుగా అంబాడుతున్నాడో!" అని మురిసింది. ఎక్కువగా మురిసినవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు.

నిశ్చలాక్షుడు లేచాడు. కాటుక కంటే నల్లని గడ్డం, కోటగోడలాంటి ఛాతీ. తన ఎదుగుదలను ముప్ఫయ్యో ఏట ఆపుకున్నానని చెప్పుకుంటాడు. అతని చేతిలో వెండిగిన్నె, అందులో బూడిదరంగు భస్మం.

"మహారాజా, సూర్యకిరణం గంటను తాకగానే వైద్యం."

తిప్పన్న ముందుకు వచ్చి దండం పెట్టాడు. "ప్రభూ, మందు చేదు. బాబు ఏడవకుండా ముందు గిలక్కాయలు చూపిస్తాను."

అయిదు గూళ్ళు పళ్ళెంలో పోశాడు. నిశ్చలాక్షుడు తొంగిచూసి నవ్వాడు.

"మోసగాడా! ఇవి పట్టుగూళ్ళు. మహారాజా, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పెరిగిన పురుగు గతి ఇదే. పెరిగింది, పెరిగింది, చివరికి చచ్చి దారమైంది. తమ ఉత్తరీయమైంది. ఎదుగుదల అంతా చావుకే."

"బలే చెప్పినావయ్యా!" అన్నారు సామంతులు.

"లోపలిది చచ్చిందా అయ్యగారూ?" అన్నాడు తిప్పన్న.

"గూట్లోంచి ప్రాణమున్నది బయటికి రాగా ఎవరైనా చూశారా?"

సభ అంతా చూసింది ఒకరి ముఖం ఒకరు. ఎవరూ చూడలేదు. ఎలా చూస్తారు? ఈ నగరానికి వచ్చిన ప్రతి గూడూ మరిగే నీళ్ళలో పడింది. లోపలిది బయటికి వస్తే దారం తెగుతుందని ముందే ఉడికిస్తారు. ఉడికించి, అది దానంతట అదే చచ్చిందనుకున్నారు. విత్తనానికని గూళ్ళను ముట్టకుండా వదిలే ఇళ్ళు లోకంలో కొన్నే ఉన్నాయి. తిప్పన్నది అందులో ఒకటి.

"నేను చూశాను. రెక్కలతో వస్తుంది."

సభ పగలబడి నవ్వింది. రాజు కూడా నవ్వాడు. నవ్వుతూ సింహాసనం మీద చెయ్యి వేశాడు. "గూట్లోంచి రెక్కలది వస్తే నా కొడుకు లేచి నిలబడవచ్చు. ఇది నా మాట. నిశ్చలాక్షా, వాడి గిలక్కాయలను ఉడికించు."

సలసల కాగే గంగాళం తెచ్చారు. అయిదు గూళ్ళూ అందులో పడ్డాయి. తిప్పన్న గుండె కూడా వాటితో పాటే పడింది. కాసేపటికి ఉడికిన పురుగు కంపు సభ నిండింది. పుట్టినప్పటి నుంచీ పట్టులో బతికినవాళ్ళు పట్టు వాసన ఎప్పుడూ చూడలేదు. మహామంత్రి ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు, అదీ అదే సరుకని తెలిసి తీసేశాడు. దండనాయకుడు స్తంభం చాటుకు పోయి వాంతి చేసుకున్నాడు.

కిటికీలోంచి సూర్యకిరణం నేల మీద పాకుతూ గంటవైపు వస్తోంది. నిశ్చలాక్షుడు గిన్నెలో వేళ్ళు ముంచాడు.

అప్పుడు యువరాజు కిసుక్కున నవ్వాడు.

"ఏమిటా నవ్వు?" అన్నాడు రాజు.

"చక్కిలిగింత నాన్నగారూ."

పిడికిలి విప్పాడు. గూడు ఒక కొన తడిసింది. ఆ తడిలో దారాలు విడుతున్నాయి. చిన్న తల వచ్చింది. రెండు కాళ్ళు వచ్చాయి. ఆగింది. మళ్ళీ తోసింది. పాలమీగడ రంగు ఒళ్ళు, నలిగిన కాగితంలాంటి రెక్కలు. అరచేతి మీద నిలబడి వణికింది. నలిగినవి మెల్లమెల్లగా సాగాయి. సాగినవి టపటపా కొట్టుకున్నాయి. ఎగరలేదు. మనుషుల చేతుల్లో తరతరాలుగా పెరిగి ఎగరడం మరిచిన జాతి అది. అయినా రెక్కలు రెక్కలే.

"తాతా! వచ్చింది! నిజంగానే వచ్చింది!" ఆ గొంతుకు గాజుదీపం పగిలింది. ఈసారి ఎవరూ సన్నగా అనమనలేదు.

"భస్మం!" అని రాజు అరిచాడు. రాజు మాట అరగడియ కూడా నిలవలేదు. రాజుల మాటలకు అది ఎక్కువే.

నిశ్చలాక్షుడు గుప్పెడు విసిరాడు. తిప్పన్న పళ్ళెం అడ్డం పెట్టాడు. భస్మం చింది ఆస్థానకవి మీద పడింది. కవి పద్యం మధ్యలో, నోరు తెరిచినవాడు తెరిచినట్టే రాయైపోయాడు. రెండో గుప్పెడు లేచింది. తిప్పన్న మాంత్రికుడి మణికట్టు పట్టుకొని వేలాడాడు.

"బాబూ! నీ చొక్కా ఇరుకైంది! లే!"

యువరాజు ఒక చేతిలో రెక్కల పురుగు, రెండో చెయ్యి నేల మీద. మోకాళ్ళు నేలను వదిలాయి. కాళ్ళు అప్పుడే పుట్టిన లేగదూడ కాళ్ళలా వణికాయి. ఒకసారి పడ్డాడు. ముందు వరస అలవాటు కొద్దీ మురియబోయింది. మళ్ళీ లేచాడు. నడుము నిలిచింది. మెడ నిలిచింది. పాలటోపీలోని నెమలి వెళ్ళి కంచుగంటకు కొట్టుకుంది.

ఖంగుమంది.

పద్నాలుగేళ్ళ మోత ఒక్కసారి మోగినట్టయింది. నూటెనిమిది స్తంభాలూ పలికాయి. స్థిరకీర్తి కిరీటం దానంతట అదే జారి ఒళ్ళో పడింది. కవి మీది రాయి పెళపెళ రాలింది. కవి ఆపిన చోటు నుంచే పద్యం అందుకున్నాడు. పాదం మారలేదు, రాజు పేరు ఒక్కటి మార్చాడు.

తిప్పన్న చేతిలోని మణికట్టు సన్నబడింది. చూస్తే పట్టుకున్నది ఒక ముసలి ఎముకను. ఛాతీ కుంగింది, నల్లగడ్డం తెల్లబడి నేలకు సాగింది. తొంభై ఏళ్ళు ఒక్క క్షణంలో వచ్చి మీద పడ్డాయి. ముసలివాడు పళ్ళు లేని నోటితో కొరికి, విదిలించుకొని, పావుకోళ్ళు టకటకమనిపిస్తూ ఉద్యానవనంలోకి మాయమయ్యాడు.

తిప్పన్న పెట్టుడు గడ్డం పీకి పారేసి పరుగెత్తాడు.

ఉద్యానవనంలో రాళ్ళు మనుషులవుతున్నాయి. పాత జోలపాటల ఆచారి కళ్ళు తెరిచి "...ప్రభూ!" అని ఆగిపోయిన వాక్యం ముగించాడు. నరికిన మామిడి మొక్కలు చిగుళ్ళు తోస్తున్నాయి. తిప్పన్న కొలను పక్కకు పోయాడు. ఈరమ్మ అక్కడే ఉంది. చెయ్యి కడుపు మీద వేసుకొని, తల కొంచెం వంచి, మూడేళ్ళ కిందట నిలబడినట్టే.

"ఈరీ!"

పలకలేదు. ముట్టుకున్నాడు. చల్లగా ఉంది. వెనకవైపుకు పోయి చూశాడు. రాయి వీపు నడినెత్తి నుంచి నడుము దాకా చీలి ఉంది. లోపల డొల్ల. పురుగు వదిలిన తోలులాగా.

తిప్పన్న నేల మీద కూలబడ్డాడు. అప్పుడు కనిపించాయి. తడిమట్టిలో ఆడమనిషి అడుగులు. వాటి పక్కనే చిన్న అరచేతుల గుర్తులు, చిన్న మోకాళ్ళ గుర్తులు. పది బారలు పోయాక అరచేతులు లేవు. అడుగులే ఉన్నాయి, వంకరటింకరగా. ఒకచోట పిర్రల మీద పడ్డ గుర్తు. ఆ తరువాత అడుగులు తిన్నగా ఉన్నాయి. తోట చివరికి వచ్చేసరికి మడమలు ఆనలేదు, వేళ్ళు మాత్రమే దిగాయి. పరుగు. తోట దాటేలోగా బిడ్డ అంబాడింది, నడిచింది, పరుగెత్తింది.

ఆ అడుగుల మీద, వాటిని తొక్కుతూ, పావుకోళ్ళ గుర్తులు.

అడుగులు తూర్పు వాకిటికి పోయాయి. వాకిలి అవతల నది. కొలగాడు గడప మీద కూర్చొని ఉన్నాడు. రొండిన దోపుకున్న గిలక్కాయ తెరిచి ఉంది. అతని వేలి మీద రెక్కల పురుగు. అతని కళ్ళ వెంట నీళ్ళు.

"ఆచారీ, గిలక్కాయకు రెక్కలొచ్చినాయి" అన్నాడు.

"ఒక ఆడమనిషి, బిడ్డ. ఎటు పోయారు?"

"ముసలోడొకడు వాళ్ళను పుట్టిలోకి తోసుకుపోయినాడు. ఈ బిడ్డ పెరుగుదల తాగితే మళ్ళీ పడుచోణ్ణి అవుతానని గొణుగుతా ఉన్నాడు. పిచ్చోడనుకున్నా."

నది మధ్యలో, మంచులో, నల్లచుక్కలాగా పుట్టి గిరగిరా తిరుగుతూ పోతోంది. తిప్పన్న పంచె ఎగగట్టాడు. వెనక ఎవరో గోడ పట్టుకొని, తడబడుతూ, పడుతూ లేస్తూ వస్తున్నారు. చొంగగుడ్డ చింపి పారేసిన యువరాజు. భుజం మీద రెక్కల పురుగు.

"తాతా, నేనూ వస్తా."

"నేను తాతను కాను, నువ్వు ఈదలేవు."

"నడవలేనని కూడా చెప్పారు" అని యువరాజు పురుగును కొలగాడి రెండో చేతిలో పెట్టి నీళ్ళలో కాలు వేశాడు.

తిప్పన్న కొలగాడి వైపు తిరిగాడు. "నా బిడ్డ ఎంతుంది? కొలిచావా?"

"అలవాటు కొద్దీ కొలిచినా. వాకిట్లోకి వచ్చేటప్పుడు ఒకసారి, పుట్టి ఎక్కేటప్పుడు ఒకసారి." కొలగాడు కొలబద్దను మోకాలికేసి కొట్టి రెండుగా విరిచి నదిలోకి విసిరాడు. "రెండు కొలతలూ ఒకటి కాదు నాయనా, రెండోది బెత్తెడు ఎక్కువ. తొందరగా పో."